కుడికాలి మరక

సర్దిన బట్టలనే తీసి మళ్ళీ సర్దుతోంది తల్లి. సంచి పెద్దదేం కాదు. నీలం రంగు గుడ్డసంచి. జిప్పు సగందాకా వచ్చి అక్కడ మొండికేస్తుంది. ఆ తర్వాత దాన్ని వేలితో బుజ్జగించాలి. అడుగున దుప్పటి, దాని మీద కూతురి చొక్కాలు, తువ్వాలు, దువ్వెన. అన్నిటికన్నా పైన పాతగుడ్డలో చుట్టిన పానాల కట్ట. ఆ కట్ట దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోతోంది. బట్టలు పట్టుకెళ్ళిన మనిషి ఎప్పటికైనా తిరిగొస్తుంది. పనిముట్లు కూడా పట్టుకెళ్ళే మనిషి వస్తుందని ఏం నమ్మకం?

"ఇంత బరువు మోసుకుపోవడం ఎందుకే? ఆ షాపులో పానాలు ఉండవా?" అంది.

"ఉంటాయి. నా చేతికి అలవాటైనవి ఉండవు" అంది కూతురు, జడ గట్టిగా బిగించుకుంటూ.

ఆ పిల్లని ఇంట్లో చువ్వ అంటారు. పుట్టినప్పుడు సైకిలు చక్రంలో చువ్వలా సన్నగా ఉండేదని తండ్రి పెట్టిన పేరు. ఇప్పుడు భుజాలు వెడల్పయి, టైరుని ఉత్తచేతుల్తో ఊడదీసేంత బలం వచ్చినా పేరు మాత్రం సన్నగానే ఉండిపోయింది.

వాళ్ళ ఇంటి ముందుగదే సైకిల్ షాపు. వెనక రెండు గదుల్లో కాపురం. మధ్యలో తలుపు లేదు, ఒక పరదా ఉంది. నిన్న సాయంత్రం నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలన్నీ ఆ పరదా మీదుగా, తల్లి నోటి గుండానే వెళ్తున్నాయి. 'భోజనానికి రమ్మని మీ నాన్నకి చెప్పు.' 'నాకు ఆకలి లేదని దానికి చెప్పు.' వేరుశనక్కాయల పొట్టులాంటి ఈ మాటలు అటూ ఇటూ మోసీ మోసీ ఆవిడకి నోరు ఎండిపోయింది.

గొడవ చక్రం దగ్గర మొదలైంది. ఇళ్ళకి వెళ్ళి పుళ్ళకి కట్లు కట్టే నర్సమ్మ ఒకావిడ, తన సైకిలు వెనకచక్రం వంకర పోయిందని క్రితం వారం తెచ్చి పడేసింది. చువ్వ కూర్చుని పాత చువ్వలన్నీ తీసేసి, కొత్తవి అల్లి, వంకర తీసి, చక్రం తిప్పితే నీళ్ళలో చేప తిరిగినట్టు తిరిగేలా చేసింది. ట్యూబులు కొనడానికి బజారుకెళ్ళి వచ్చేసరికి తండ్రి ఆ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, బిగించినవన్నీ వదులు చేసి, మొదట్నుంచీ చూసుకుంటున్నాడు. ఇది ఒకసారి జరిగింది కాదు. చలికాలం వచ్చినప్పట్నుంచీ కూతురు ముగించిన ప్రతి బండినీ ఆయన ఇలాగే విప్పుతున్నాడు.

ఎందుకు విప్పావని అడిగింది. నా షాపు గడప దాటే బండికి జవాబు చెప్పాల్సింది నేను అన్నాడు ఆయన. నా చేతిపని మీద నమ్మకం లేదా అంది ఆ పిల్ల. ఆయన తల ఎత్తకుండానే, నచ్చకపోతే నచ్చిన చోటికి పో అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేరు. పక్కపట్నంలో ఓ పెద్ద సైకిళ్ళ షాపు వాళ్ళు ఎప్పట్నుంచో చువ్వని పిలుస్తున్నారు. అప్పటికప్పుడే వాళ్ళకి ఫోన్ చేసి, రేపొస్తున్నానని చెప్పేసింది. బస్సు మధ్యాహ్నం.

తల్లికి ప్రయాణాలంటే భయం. పెళ్ళి కాకముందు తమ్ముడు పని కోసం ఓడ ఎక్కాడు. వాడు విడిచిన చొక్కాని ఆ పూటే ఉతికి ఆరేసింది. ఆ తర్వాత వాడు కనబడలేదు. ఓడ మునిగిందని ఎవరూ చెప్పలేదు, మనిషి పోయాడనీ చెప్పలేదు. రాలేదు, అంతే. అప్పట్నుంచీ ఇంట్లో ఎవరు ఊరు దాటినా వాళ్ళు విడిచిన బట్ట ఒకటి ఉతక్కుండా మంచం కింద రేకుపెట్టెలో దాస్తుంది. వాళ్ళు గుమ్మంలో అడుగుపెట్టాకే దాన్ని నీళ్ళలో ముంచుతుంది. మొగుడు దీన్ని ఏళ్ళ తరబడి వెక్కిరిస్తూనే ఉన్నాడు. "మీ అమ్మ సబ్బు ఆదా చేస్తోందే" అని కూతురికి కన్నుకొట్టేవాడు.

ఈ పొద్దున కూడా చువ్వ విడిచిన గళ్ళ చొక్కా ఒకటి పెట్టెలో పెట్టింది. మిగతావి తీసుకుని వెనక వసారాలో కుళాయి కిందికి వెళ్ళింది.

కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆవిడకి బట్టల దగ్గర ఒకటే గోడు. మొగుడి ప్యాంటు కుడికాలి అంచు. గొలుసు ఉండేది కుడివైపే కదా. తొక్కినప్పుడల్లా అంచు వెళ్ళి దానికి రాసుకునేది. గ్రీజు మరక. కాలికి క్లిప్పు పెట్టుకోండి అంటే అది గుమాస్తాలు పెట్టుకునేది అనేవాడు. కిరసనాయిలు రాసి, సున్నం రాసి, బ్రష్షు పెట్టి తోమితే నలుపు బూడిదరంగుకి దిగేది తప్ప పోయేది కాదు. ఈ రోజూ అలవాటు కొద్దీ కుడికాలు తిరగేసి బ్రష్షు అందుకుంది. తోమడానికి ఏమీ లేదు. కొత్తసబ్బు మంచిదే అనుకుంది. మనసంతా సంచి మీద ఉంది.

ముందుగదిలో తండ్రి, ఊరందరికీ మేస్త్రి, చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన చుట్టూ సైకిళ్ళు. గోడకి ఆనించినవి, కొక్కేలకి వేలాడేవి, ఒకదాని మీద ఒకటి ఒరిగినవి. అన్నీ పని అయిపోయినవే. గాలి నింపి, నూనె వేసి, తుడిచి పెట్టినవి. అయినా ఒక్కటీ గడప దాటడం లేదు. ఎదురుగా దర్జీ రోజుకోసారి మిషను ఆపి అంటూనే ఉన్నాడు. "మేస్త్రీ, నీది సైకిళ్ళకి ఆస్పత్రి అనుకున్నాం గానీ, ఇలా దాచిపెడుతున్నావేంటి, శవాలగదిలాగా?"

ఆ షాపుకి ఒక పద్ధతి ఉంది. రిపేరు ఎంత చిన్నదైనా సరే, బండిని సొంతదారుకి ఇచ్చేముందు మేస్త్రి స్వయంగా ఎక్కి వీధి చివరిదాకా తొక్కుకెళ్ళి, మూల తిరిగి, వెనకసందులోంచి వచ్చి షాపు మెట్టు దగ్గర బెల్లు కొట్టాలి. దాన్ని చుట్టు వెయ్యడం అంటారు. బెల్లు మోగిందంటే బండి సరే. మోగలేదంటే మళ్ళీ స్టాండు ఎక్కాల్సిందే. చుట్టు వెయ్యని బండి ఆ షాపులోంచి ఎన్నడూ పోలేదు. ఆయన నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. అయినా జనం వచ్చేది ఆ చుట్టు మీద నమ్మకంతోనే. ఈ మధ్య మాత్రం నోరు ఇంకా చెడింది. ఎవరు అడిగినా రేపు రా. రెండోసారి అడిగితే కసురు. కొందరు తిట్టుకుంటూ పోయారు, కొందరు పని కాని బండినైనా ఇచ్చెయ్యమని తీసుకుపోయారు.

నర్సమ్మ వచ్చేసరికి ఎండ మెట్లెక్కింది. నడిచి నడిచి ఆవిడ చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. భుజాన మందుల సంచి.

"నా బండి, మేస్త్రిగారూ" అంది.

"రేపు రా."

"నిన్నా రేపే అన్నారు."

"అయితే రేపు ఇంకా రాలేదన్నమాట" అన్నాడు మేస్త్రి, పానా మీంచి చూపు తిప్పకుండా.

దర్జీ కిసుక్కున నవ్వాడు. ఆ షాపులో బండి పెట్టడం పిల్లనిచ్చినట్టేనమ్మా, అప్పుడప్పుడు వచ్చి చూసి పోవడమే అని అక్కణ్ణుంచే ఒక మాట విసిరాడు. నర్సమ్మకి నవ్వు రాలేదు. కోపం కూడా అంత త్వరగా వచ్చే మనిషి కాదు. మంచాన పడ్డవాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఆ గొంతుకి నెమ్మది అలవాటు. ఆ నెమ్మదితోనే చెప్పింది. రోజూ పొద్దున్నే కట్టు మార్చాల్సిన ఒక ముసలావిడ ఉంది. మంచాన పడి ఒళ్ళు ఒరుసుకుపోయిన పుండు. బండి ఉన్నప్పుడు మొదట అక్కడికే వెళ్ళేది. ఇప్పుడు నడక కాబట్టి అది చివరి ఇల్లు అయింది. నిన్న వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది, కట్టు వాసన వేస్తోంది. ఆ ముసలావిడ ఒక్క మాట అనలేదట. నన్ను మర్చిపోయావేమో అనుకున్నానమ్మా, అందట అంతే.

"ఆవిడ ముందు నేను తల దించుకోవాల్సి వచ్చింది. నేను చెయ్యని తప్పుకి" అంది నర్సమ్మ. "బండి అక్కడే ఉంది. కనబడుతూనే ఉంది. ఏం పని మిగిలిందో చెప్పండి."

మేస్త్రి పానాని గుడ్డతో తుడిచాడు. తుడిచిందాన్నే మళ్ళీ తుడిచాడు.

"చెప్పండి. ఏం మిగిలింది?"

"నచ్చకపోతే వేరే షాపు చూసుకో పో" అన్నాడు, గట్టిగా.

పరదా కదిలింది. చువ్వ బయటికి వచ్చింది. భుజాన నీలం సంచి. బస్సుకి ఇంకా టైముంది గానీ, ఇంట్లో కూర్చోలేక ముందే బయల్దేరింది. నిన్న తనని అన్న మాటే, అదే గొంతుతో, ఎవరో పరాయి మనిషిని అనడం వింది.

"అందరికీ ఒకే మాట దాచావా నాన్నా?" అంది. నిన్నట్నుంచి తండ్రితో నేరుగా ఆడిన మొదటి మాట అది. "ఆ బండి పని నిన్ననే అయింది. నేను బిగించాను, నువ్వు విప్పావు, మళ్ళీ నువ్వే బిగించావు. సరే. ఇంకేం ఉంది? చుట్టు వేసి ఇచ్చెయ్."

"ఎండ తగ్గనీ."

"పొద్దునైతే మంచు అంటావు. ఇప్పుడు ఎండ. సాయంత్రమైతే చూపు ఆనదంటావు. పోనీ నేను వేస్తానంటే వెయ్యనివ్వవు."

"చుట్టు మేస్త్రిది."

"అయితే మేస్త్రినే వెయ్యమంటున్నాను" అంది చువ్వ. "నా కళ్ళ ముందు ఒక్క చుట్టు వెయ్యి. నేను అల్లిన చక్రం వంకర ఉంటే నాకు చూపించు. తప్పు నాదైతే నీ కాళ్ళకి దణ్ణం పెట్టి పోతాను. లేదంటే ఇంత కాలం నన్ను అవమానించావని ఒప్పుకో. ఏదో ఒకటి తేలాకే బస్సెక్కుతాను."

దర్జీ మిషను ఆగిపోయింది. మేస్త్రి లేచాడు. లేవడానికి గోడ మీద చెయ్యి వేశాడు. సైకిలు స్టాండు తీసి, హ్యాండిల్ పట్టుకుని, మెట్టు దించి వీధిలోకి తెచ్చాడు. వీధి ఇరుకు. నీళ్ళ లారీ ఒకటి అవతలి చివర మూల తిరగడానికి వెనక్కీ ముందుకీ అవుతోంది. ఆయన ఎడమకాలు పెడల్ మీద పెట్టాడు. కుడికాలు నేల మీదే ఉంది. చూపు వీధి వైపు లేదు, తన కాలి వేళ్ళ వైపు ఉంది. హ్యాండిల్ బిగించి పట్టుకున్న చేతుల మీద నరాలు లేచాయి.

గొంతులు పెరిగినప్పుడే తల్లి వసారాలోంచి పరుగెత్తుకొచ్చింది. చేతిలో పిండుతున్న ప్యాంటు అలాగే ఉంది, నీళ్ళు కారుతూ. గుమ్మంలో నిలబడి మొగుణ్ణి చూసింది. ఆయన వంటి మీది ప్యాంటు కుడికాలి అంచు చూసింది. నిన్న తొడుక్కున్నదే. మరక లేదు. చేతిలోది చూసుకుంది. దానికీ లేదు.

సబ్బు కాదు.

ఒక్కొక్కటీ అప్పుడు ఎదురొచ్చాయి. మోచెయ్యి చెక్కుకుపోతే పట్టకారు తగిలిందని చెప్పడం. ట్యూబుల కోసం తనే వెళ్ళే మనిషి కూతుర్ని పంపడం. పడుకునేటప్పుడు రెండు దిళ్ళు అడగడం. గదిలో నుంచి గదిలోకి గోడ పట్టుకుని నడుస్తుంటే, వయసు అనుకుంది తను. ఎన్ని వారాలుగా ఈ ప్యాంట్లు తన చేతుల్లోంచి వెళ్ళాయి! మరక పోయిందని సంతోషపడింది.

ఆవిడ మెట్టు దిగి వెళ్ళి సైకిలు క్యారియర్ పట్టుకుంది.

"ఎక్కొద్దు."

"వదులు" అన్నాడు మేస్త్రి, వెనక్కి తిరక్కుండా.

"వదలను."

"అమ్మా, నువ్వు మధ్యలోకి రాకు" అంది చువ్వ. "ఎప్పుడూ ఆయన్నే వెనకేసుకొస్తావు. ఈ ఒక్కసారి ఆయన్ని జవాబు చెప్పనీ."

ఆవిడ క్యారియర్ వదల్లేదు. రెండో చేత్తో తడి ప్యాంటుని కూతురి వైపు చాచింది. అంచు కనబడేలా. ఎదురు షాపు దాకా వినబడకుండా, చాలా తగ్గుగొంతుతో అంది:

"చలికాలం నుంచీ ఈ కుడికాలు తోమే పని నాకు లేదే."

నర్సమ్మ తెల్లబోయి చూసింది. బండి అడిగితే బట్టల సంగతి ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. దర్జీకి అర్థం కాలేదు. ఆ వీధిలో ఆ మాట ముగ్గురికే అర్థమవుతుంది. చువ్వ పుట్టినప్పట్నుంచీ విన్న గోడు అది. ఆ మరక కోసం అమ్మ నాన్నని తిట్టని రోజు ఆ పిల్లకి గుర్తులేదు. తడి అంచు చూసింది. తండ్రి కాలు చూసింది. సంచి భుజం మీంచి జారి మెట్టు మీద పడింది. లోపల పానాలు ఖంగుమన్నాయి.

మేస్త్రి కాలు పెడల్ మీంచి దించాడు. సైకిలు అక్కడే భార్య చేతిలో వదిలేసి, మెట్టెక్కి, గోడని తడుముకుంటూ పరదా వెనక్కి వెళ్ళిపోయాడు. చువ్వ వెనకే వెళ్ళింది.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. కూతురు ఎదురుగా నేల మీద కూర్చుంది, పని దగ్గర కూర్చునేలాగే, బాసింపట్టు వేసుకుని.

"ఎప్పట్నుంచి నాన్నా?"

ఆయన ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. ఓ పొద్దున చుట్టు వేస్తుంటే, మూల తిరిగేచోట రోడ్డు ఒక్కసారిగా పక్కకి జరిగిపోయినట్టయింది. పడ్డాడు. కుక్క తప్ప ఎవరూ చూడలేదు. నీరసం అనుకున్నాడు. మర్నాడు ఎక్కితే మళ్ళీ అంతే. గోడ పక్కన నిలబడితే ఫరవాలేదు. కూర్చుని పనిచేస్తే ఫరవాలేదు. సైకిలు ఎక్కితే మాత్రం భూమి నిలవదు.

"సైకిలు తొక్కలేని సైకిల్ మేస్త్రి" అన్నాడు. "గుమ్మం మీది బోర్డు దింపేసి ఇంకేం పెట్టుకోను? అందుకే రేపు రమ్మన్నాను. తగ్గుతుందేమో అని. గట్టిగా కసిరితే రెండోసారి అడగరు కదా."

"నా చక్రాలెందుకు విప్పావు మరి?"

"తొక్కితే ఒక్క చుట్టులో తెలిసిపోయేది. తొక్కలేనప్పుడు ఏం చెయ్యను? ఒక్కో చువ్వా వేలితో మీటి చూసుకోవాల్సి వచ్చింది. చూడకుండా ఇవ్వలేను. చూశాక కూడా, చుట్టు వెయ్యకుండా ఇవ్వడానికి చెయ్యి రాలేదు."

"తప్పులు దొరికాయా?"

"ఒక్కటి దొరికినా నిన్ను ఊరికే వదిలేవాణ్ణా?" అన్నాడు మేస్త్రి. "దొరకలేదు. ఎక్కడా దొరకలేదు."

చువ్వకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. "ఆ ముక్క నిన్న అంటే నీ నోరు అరిగిపోయేదా నాన్నా? బ్యాగు సర్దుకున్నాను నేను. అమ్మ పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

ఆయన చేత్తో తడిమి కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతికి గ్రీజు ఉంది. ఆ పిల్ల జుట్టుకి అంటింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

బయట నర్సమ్మ ఇంక ఆగలేనంటోంది. ఆవిడకి ఇంట్లో ఏం జరిగిందో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు, ముసలావిడ ఎదురుచూస్తుంటుంది. మేస్త్రి లేచి, ఈసారి గోడ బదులు కూతురి భుజం పట్టుకుని బయటికొచ్చాడు. క్షమాపణ అడగడం ఆయనకి చేతకాని విద్య. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముందు సీటు మీది దుమ్ము తుడిచాడు.

"అమ్మా, నీ బండి ఎప్పుడో తయారైంది" అన్నాడు. "ఇవ్వకుండా నిన్ను నడిపించాను. పైగా నోరు చేసుకున్నాను. తప్పు బండిది కాదు, మా అమ్మాయి పనిది అంతకన్నా కాదు. నాది. నాకు కొన్నాళ్ళుగా తల తిరుగుతోంది, ఎక్కలేకపోతున్నాను. చెప్పుకోడానికి సిగ్గేసి నిన్ను తిట్టాను." దర్జీ వింటున్నాడని తెలిసీ గొంతు తగ్గించలేదు. "ఇప్పుడు మా అమ్మాయి చుట్టు వేస్తుంది. అది బెల్లు కొడితే నేను కొట్టినట్టే."

చువ్వ బండెక్కింది. మేస్త్రి మెట్టు మీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు. గొలుసు చప్పుడు వింటున్నాడు. చక్రం చప్పుడు వింటున్నాడు. ఆ చప్పుడు వీధి పొడుగునా చిన్నదవుతూ వెళ్ళింది. మూల దగ్గర పిల్ల కనబడకుండా పోయింది. తల్లి వీధిలోకి రెండడుగులు వేసింది. ఎవరు మూల తిరిగినా ఆవిడకి అంతే. అటువైపే నీళ్ళ లారీ ఒకటే హారన్. ఆవిడ చేతిలో తడి ప్యాంటు మెలి తిరిగిపోతోంది. వెనకసందు ఖాళీగా ఉంది. ఇంకా ఖాళీగానే ఉంది.

బెల్లు మోగింది.

మేస్త్రి కళ్ళు తెరిచాడు. "ముందు బ్రేకు ఎలా ఉంది?"

"కొంచెం గట్టిగా ఉంది. పావు మర వదులు చెయ్యాలి."

"చెయ్యి మరి" అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

నర్సమ్మ బండి అందుకుంది. కోపం త్వరగా వచ్చే మనిషి కాదు గానీ, వచ్చాక వెంటనే కరిగిపోయే మనిషీ కాదు. మీరు సారీ చెబితే నా కోపం తగ్గుతుందేమో గానీ ఆ ముసలావిడ పుండు తగ్గదు కదా అంది. మేస్త్రి తల దించుకున్నాడు. అప్పుడు ఆవిడ ఎందుకో ఆగి, ఆయన ముఖంలోకి, కళ్ళలోకి, పని చేసుకునే చూపుతో చూసింది. తల తిరగడం ఎప్పుడెప్పుడు వస్తోందో, వాంతి ఉందో లేదో, చెవుల్లో మోతేమైనా ఉందో అడిగింది. ఆయన చెప్పినవి విని పెదవి బిగించింది.

"ఆస్పత్రికి రండి. అక్కడ నేను ఉంటాను" అంది బండెక్కుతూ. "నేనైతే రేపు రమ్మనను."

ఆ రోజంతా వీధిలో బెల్లు మోగుతూనే ఉంది. చువ్వ ఒక్కొక్క బండినీ దించి, చుట్టు వేసి, మెట్టు దగ్గర నిలబెట్టింది. మేస్త్రి స్టూలు మీంచి సొంతదారులకి ఫోన్లు చేశాడు. రండి అని పిలవడం అలవాటు లేక, కొందరిని 'ఇంకా ఎన్నాళ్ళుంచుకోవాలి నీ బండి' అని కూడా దబాయించాడు. మధ్యాహ్నం బస్సు పెద్దరోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. చువ్వ తల ఎత్తలేదు. తల్లి విన్నది. మెట్టు మీది సంచి తీసుకెళ్ళి, పానాల కట్ట విప్పి, ఎప్పటి మేకుకి వాటిని తగిలించింది. రేకుపెట్టెలోంచి గళ్ళ చొక్కా తీసి ఉతికింది. సాయంత్రం కూతురు విడిచిన ప్యాంటు కుడికాలి అంచున నల్లటి మరక. ఆవిడ దాన్ని తోముతూ తిట్టింది, నోరారా తిట్టింది. లోపల మొగుడు వింటున్నాడు.

ఆస్పత్రి సంగతి మాత్రం మేస్త్రి రేపు, రేపు అంటూ నెట్టాడు. ఊరందరికీ చెప్పిన మాటే తన ఒంటికీ చెప్పుకున్నాడు. చివరికి నర్సమ్మే ఓ పొద్దున షాపుకొచ్చి, గాలి కొట్టించుకునే వంకతో కూర్చుని, ఆయన్ని లేవదీసి తీసుకెళ్ళింది. పరీక్షలు చేశారు. తలలో ఏదో పెరిగిందన్నారు. ఇక్కడ కాదు, పట్నంలో పెద్దాస్పత్రిలో తీయించాలన్నారు.

వెళ్ళే ముందురోజు పొద్దు వాలుతుండగా ఆయన కూతుర్ని పిలిచి, ఓ బండి తియ్యమన్నాడు. చువ్వ వెనకనుంచి క్యారియర్ పట్టుకుంది, చిన్నప్పుడు తనకి నేర్పిస్తూ ఆయన పట్టుకున్నట్టే. షాపు మెట్టు నుంచి దర్జీ షాపు దాకా తొక్కాడు. బండి ఒరిగిన చోటల్లా ఆ పిల్ల నిలబెట్టింది. దర్జీ మిషను ఆపి బయటికొచ్చి, ఈసారి జోకేమీ వెయ్యకుండా, హ్యాండిల్ పట్టుకుని తిప్పి నిలబెట్టాడు. తిరిగొచ్చాక మేస్త్రి బెల్లు కొట్టాడు.

"చూడండి, మళ్ళీ చేశారు" అంది భార్య, ఆయన కుడికాలి అంచు పట్టుకుని. "క్లిప్పు పెట్టుకోమని ఏనాడైనా విన్నారా?"

"అది గుమాస్తాలు పెట్టుకునేది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆవిడ ఆ నీలం సంచే సర్దింది. చొక్కాలు, తువ్వాలు, దువ్వెన, రెండో దిండు. పానాలు లేవు. బట్టలు మాత్రమే పట్టుకెళ్ళే మనిషి తిరిగొస్తాడని తనకి తానే చెప్పుకుంది. జిప్పు సగంలో మొండికేస్తే వేలితో బుజ్జగించింది. మరక పడ్డ ప్యాంటుని ఉతక్కుండా మడిచి రేకుపెట్టెలో పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ మేస్త్రి అది చూశాడు.

"సబ్బు ఆదా చేస్తున్నావా?"

"మీరొచ్చాక ఉతుకుతాను" అంది.

చువ్వ ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, తనూ ఎక్కింది. నర్సమ్మ కూడా వాళ్ళ వెంట వెళ్ళింది. తల్లి షాపు చూసుకోవడానికి ఇంట్లో ఉండిపోయింది. వచ్చినవాళ్ళందరికీ, మేస్త్రిగారు త్వరలో వస్తారు, కూర్చోండి అని చెప్పింది, ఎవర్నీ రేపు రమ్మనలేదు.

ప్యాంటు ఇప్పటికీ పెట్టెలోనే ఉంది. మేస్త్రి తిరిగి రాలేదు. వానలు మొదలైన వారంలో, గురువారం మధ్యాహ్నం, ఆస్పత్రిలోనే పోయాడు.